నీళ్లడగని బ్యాటరీ

కరెంటు పోయి ఐదు గంటలైంది. పోతే పోయింది, కరెంటన్నాక పోక ఉంటుందా, విసనకర్ర ఊపుకుంటూ కూర్చుందాం అనుకునే ఇల్లు కాదు మల్లీశ్వరిది. ఆ ఇంట్లో కరెంటు పోతే మనిషికి ఊపిరి పోతుంది.

ఆమె మొగుడు దామోదర్ పదిహేడేళ్లు రాళ్ల క్రషర్ దగ్గర పనిచేశాడు. రాయి పిండయ్యే చోట నిలబడి, ముక్కుకు తువ్వాలు కట్టుకుని, ఆ పిండంతా లోపలికే పీల్చాడు. ఇప్పుడు నలభై నాలుగేళ్లకే ఊపిరితిత్తులు పని మానేశాయి. మంచం పక్కన ఆక్సిజన్ మిషన్, ముక్కుకు సన్నటి గొట్టం. మిషన్ తిరిగితే మనిషి మాట్లాడతాడు, పప్పులో ఉప్పు తక్కువైందని వంకలు కూడా పెడతాడు. మిషన్ ఆగితే పది నిమిషాల్లో పెదవులు నేరేడు పండు రంగుకు తిరుగుతాయి. మిషన్ మీద ఉంటే ఇంకో రెండేళ్లు, దేవుడు చల్లగా చూస్తే మూడేళ్లు అని హైదరాబాద్ డాక్టరు మొగుడూ పెళ్లాలిద్దరికీ చెప్పాడు. దామోదర్ తల్లి బక్కమ్మకు మాత్రం ఆ మాట ఇద్దరూ చెప్పలేదు.

మర్రిగూడ పక్కన చిన్న ఊరు వాళ్లది. అక్కడి కరెంటును నమ్ముకుంటే మునిగిపోతామని, రెండేళ్ల కిందట ఇంటి మీద నాలుగు సోలార్ ప్లేట్లు వేయించారు, వరండాలో రెండు పెద్ద బ్యాటరీలు పెట్టించారు. మొదట్లో ఆ రెండూ మిషన్‌ను ఐదు గంటలు లాగేవి. పోయిన నెల మూడు గంటలకు వచ్చాయి. ఇవాళ తెల్లవారుజామున గాలివానకు స్తంభాలు పడి కరెంటు పోతే, సరిగ్గా యాభై నిమిషాలు నడిపి చేతులెత్తేశాయి. మల్లీశ్వరి గబగబా సిలిండర్ తగిలించింది. అది ముప్పాతిక వంతే ఉంది. ఎంత పొదుపుగా వదిలినా మధ్యాహ్నం పన్నెండున్నర, మహా అయితే ఒంటిగంట.

తొమ్మిదింటికి లైన్‌మన్ ఫోనెత్తాడు. రేపు సాయంత్రం దాకా ఆశ పెట్టుకోవద్దన్నాడు. సిలిండర్ నింపే చోటు నల్గొండలో ఉంది. అంబులెన్సు కూడా అటువైపు నుంచే రావాలి. మధ్యలో వాగేమో కల్వర్టు మీదికెక్కి పారుతోంది. పైన చూస్తే మూడు రోజుల ముసురు, సూర్యుడి జాడే లేదు. మూలిగే నక్క మీద తాటికాయ పడడమంటే ఇదేనేమో! ఇక మిగిలింది పక్క టౌను మాల్‌కు పోయే రోడ్డొక్కటే. అక్కడ సిలిండర్లు దొరకవు గానీ, ఆ బ్యాటరీలు అమ్మిన గోపీకృష్ణ దుకాణం మాల్‌లోనే ఉంది.

"పోనీ, వాని సంగతి ఇయ్యాల తేల్చుకుంట," అంది మల్లీశ్వరి కొంగు నడుముకు చుట్టుకుంటూ. "ఐదేండ్లు వొస్తయని అమ్మిండు. రెండేండ్లకే సచ్చినయి."

పక్కింటి పరమేష్ తన ట్రాలీ ఆటో తెచ్చి వాకిట్లో ఆపాడు. అతనూ ఇంకో మనిషీ కలిసి, ఒక్కోటి యాభై అరవై కిలోలుండే ఆ బ్యాటరీలను మూలుగుతూ ఎత్తి ట్రాలీలో పెట్టారు.

బక్కమ్మ గోడ పట్టుకుని గడప దగ్గరికి వచ్చింది. వయసులో తాగిన బోరు నీళ్లు, వాటిలోని ఫ్లోరైడు ఆమె ఎముకల్ని ఎప్పుడో వంచేశాయి. నడుము నేల చూస్తుంది, మోకాళ్లు ఒకటి తూర్పుకు, ఒకటి పడమటికి. పదడుగులు వేస్తే కూర్చోవాలి.

"జల్ది రా బిడ్డా," అంది. "నేను ఈని కాడ కూసుంట."

వానలో ముప్పావు గంట పట్టింది మాల్ చేరడానికి. దారి పొడుగునా మల్లీశ్వరి తిట్లు కూర్చుకుంటూనే ఉంది. దుకాణం ముందు ఆటో ఆగగానే దిగి, వాటిని వరసగా వదిలింది.

"ఏం తమ్మీ, మంచిగున్నవా? మేం సస్తే దినాలకు వొస్తవా? మనిషి పానానికి పెట్టుకునే బ్యాటరీ అని ముందే జెప్పిన గద నీకు! జెప్పినంక గూడ గివ్వా ఇచ్చేది?"

గోపీకృష్ణ ముప్పై ఏళ్లవాడు, నెమ్మదస్తుడు. నోరెత్తకుండా బయటికొచ్చాడు. బ్యాటరీల మూతలు ఒక్కొక్కటే తిప్పి తీశాడు. లోపలికి టార్చి వేసి చూశాడు. రబ్బరు బుడ్డి ఉన్న గాజు గొట్టంతో కొంచెం నీళ్లు పైకి లాగి, వెలుగుకు పట్టి చూశాడు. ఆరు మూతలూ అయ్యాయి, రెండో బ్యాటరీ ఆరు మూతలూ అయ్యాయి. మల్లీశ్వరికి ఒళ్లు మండింది. అక్కడ ఒక్కో నిమిషం సిలిండర్‌లో తగ్గిపోతుంటే ఇతను పెళ్లిచూపులు చూస్తున్నట్టు చూస్తున్నాడు.

"అక్కా, ఇండ్ల ఏం నీళ్లు పోసిన్రు?"

"ఏం నీళ్లేంది? నీ దుకాణంల కొన్న డబ్బ నీళ్లే. నెలకొక్క డబ్బ కొంటలేనా?"

"పోసుడు ఎవలు పోస్తరు?"

"మా అత్తమ్మ. నువ్వే గద సూపించినవ్, తెల్ల బుడ్డి కిందికి దిగితే నీళ్లు పొయ్యాల్నని. కూసుండి చేసే పని, నేనే చేస్తనని మీదేసుకున్నది."

నిజమే. వంగిపోయిన ఆ మనిషి ఆ ఇంట్లో చేయగలిగిన పని అదొక్కటే. నెల తిరిగేసరికి బక్కమ్మ పీట వేసుకుని బ్యాటరీల ముందు కూర్చునేది, పసిపిల్లకు ఉగ్గు పోసినట్టు ఒక్కో మూతలో చిన్న గ్లాసుతో పోసేది. డబ్బా ఖాళీ అవుతూనే ఉంది. మల్లీశ్వరి మళ్లీ కొంటూనే ఉంది.

గోపీకృష్ణ తల గోక్కున్నాడు. "నాకైతే ఇండ్ల నల్లా నీళ్లు వడ్డట్టు కొడుతుంది అక్కా. లోపల ప్లేట్లన్ని తెల్లగ పేరుకున్నయి. డబ్బ నీళ్లల్ల ఏం ఉండది. నల్లా నీళ్లు మనుషులకు మంచియే గని బ్యాటరీకి ఇసం. అయినా సరే, డబ్బ నీళ్లే పోసిన్నని నువ్వు జెప్తే, నేను కంపెనీకి రాస్త. గ్యారంటీ కింద కొత్త జత ఇప్పుడే ఇస్త. ఫుల్ చార్జి మీద ఉన్నయి. తీస్కపో."

"మరింక రాయి!"

"ఒక్క మాట ఇను. నీ మంచికే." అతను షాపు లోపలికి చూపించాడు. గోడకు తగిలించి ఇనప బీరువాలో ఒక అరంత పెట్టె ఉంది. "గది లిథియం బ్యాటరీ. గా రెండింటి పని గదొక్కటే చేస్తది. మనిషొక్కడు మోస్తడు. ఇగో, మీకు రేపటి దాంక కరెంటు రాదంటున్రు. నీళ్లు పోసే తడి బ్యాటరీలు తీస్కపోతే సాయంత్రం దాంక నడుస్తయి. గీ ముసురుల మళ్ల నిండయి. వాటిని నింపాల్నంటే నా జనరేటర్ మీద గూడ రాత్రంత గావాలె. లిథియం అయితే గంటన్నరల నిండుతది. అయిపోయేలోపు ఇసొంటిదే ఇంకోటి నింపి ఉంచుత, పరమేషన్న వొచ్చి భుజం మీదేసుకొని మార్చుకపోతడు. జర్రంత ఎండ పొడిసినా గుంజుకుంటది."

"అయితే గదే ఇయ్యి!"

"గదే చెప్పవడితి. ఇప్పుడు దాంట్ల పావు వంతే ఉన్నది. నింపేదాంక నువ్వు ఈడ ఆగాలె. ఇంక గ్యారంటీ దానికి వర్తించది, పైసలు కట్టాలె. పాతవి ఒక్కదానికే మార్పిడి వడుతయి, తడివన్న తీస్కో, గిదన్న తీస్కో."

మల్లీశ్వరి గోడ మీది గడియారం చూసింది. పదిన్నర. ఇప్పుడు తడి బ్యాటరీలు వేసుకుని బయల్దేరితే పదకొండుంబావుకల్లా ఇంట్లో ఉంటుంది. మొగుడి ప్రాణం సాయంత్రం దాకా గట్టు మీద. సాయంత్రం తర్వాత? పెట్టె కోసం ఆగితే ఇవాళా రేపూ గడుస్తుంది. కానీ ఈ రెండు గంటలు? ఎటు మొగ్గినా ఒక పక్క గొయ్యే. జీవితంలో చీర ఎంచుకోవడానికి కూడా ఇంత ఆలోచించని మనిషి, మొగుడి ఊపిరిని దేంట్లో పెట్టి తీసుకెళ్లాలో తేల్చుకోలేక నిలబడింది.

ఫోన్ తీసింది. దామోదర్ ఎత్తాడు. ఫోన్ పట్టుకునే ఓపిక లేక స్పీకర్ పెట్టి పక్కన పడేసుకుంటాడని ఆమెకు తెలుసు. కోపంలో, కంగారులో ఆ సంగతే మరిచిపోయింది.

"సిలిండర్ ముల్లు యాడున్నది?"

"పావు... కాడ." మాటకూ మాటకూ మధ్య గాలి తీసుకుంటాడు.

"ఇను. గోపీకృష్ణ ఏదేదో అంటుండు. బ్యాటరీలల్ల నల్లా నీళ్లు వడ్డయంట. ఉత్తదే అని జెప్పు."

అవతల సిలిండర్ బుసబుస వినిపించింది.

"ఏమయ్యా?"

"తడివే... తే, మల్లీశూ. ఇగ... నేను సూస్కుంట."

"ఏం సూస్కుంటవ్? నల్లా నీళ్లు పోసిన్రా, పొయ్యలేదా?"

"పోసింది... అమ్మ."

"నీకెరికేనా?"

"ఎరికే. మొదటి... సంది."

పదిహేడేళ్లు మిషన్ల మధ్య బతికిన మనిషి. బ్యాటరీలో ఏ నీళ్లు పోయాలో, పోయకూడదో, క్రషర్ దగ్గర నలుగురికి చెప్పిన మనిషి. మంచం మీద పడుకుని, తన కళ్ల ముందే తల్లి ఆ పని చేస్తుంటే ఇరవై నాలుగు నెలలు చూస్తూ ఊరుకున్నాడు.

"ఎరిక ఉండి ఊకున్నవా! ఎందుకయ్యా?"

"అమ్మ... నా కోసం చేసే పని... గదొక్కటే. అది గూడ తప్పంటే... ఏమైపోతది?"

ఇంకొకరైతే ఆ మాటకు కరిగిపోయేవారేమో. మల్లీశ్వరి కరగలేదు. తెల్లవారుజాము నుంచి బిగబట్టిందంతా ఒక్కసారి తెగింది.

"ఏమైపోతదా? నువ్వు పోతవ్, నేను రండనైత! ఆమెనేమో నల్లాల వొచ్చే కృష్ణ నీళ్లు పోసి బ్యాటరీల పానం తీసే, నువ్వేమో సూస్కుంట పంటివి! తల్లి కొడుకులు గలిసి నా పుస్తెతోని ఆడుకుంటున్రా?"

దుకాణంలో అందరూ ఇటు తిరిగారు. పరమేష్ తల దించుకున్నాడు. ఫోన్‌లో సన్నగా, దగ్గర్నుంచి, బక్కమ్మ గొంతు వినిపించింది.

"మల్లీశూ, నేను ఈడనే ఉన్న బిడ్డా."

మల్లీశ్వరి నాలుక్కరుచుకుంది. కానీ వదిలిన మాటను ఏం చేస్తారు ఎవరైనా?

"గా డబ్బ నీళ్లు ఏ బోరుయో ఎవనికెరిక?" అంది బక్కమ్మ. "బోరు నీళ్లు తాగే గద నా బొక్కలు గిట్లైనయి. నా కొడుక్కు ఊపిరిచ్చే దాంట్ల ఊరూ పేరూ లేని నీళ్లు ఎట్ల పోతునే? గవ్వి తీస్కపోయి బోళ్లు తోముకున్న. మనింట్ల మంచి నీళ్లంటే కృష్ణ నీళ్లే. బట్ట పెట్టి వడగట్టి పోసిన. దండం పెట్టి పోసిన."

పక్కనే నిలబడి ఆ గొంతు విన్న గోపీకృష్ణ చేతిలోని గాజు గొట్టాన్ని పక్కన పెట్టేశాడు. నలభై ఏళ్లు నీళ్ల పేరుతో విషం తాగిన మనిషి. నల్లాలో కృష్ణ నీళ్లు వచ్చిన రోజు బిందెకు పసుపు రాసి మొక్కిన మనిషి. ఇంట్లో ఉన్నవాటిలోకెల్లా మంచివి తీసి కొడుక్కు పోసింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే, వేసినవారి ప్రేమదా తప్పు?

"అమ్మా..." అని దామోదర్ ఏదో అనబోయాడు.

"నువ్వు మాట్లాడకు, గాలి ఒడుస్తది," అని కసిరింది బక్కమ్మ. "తప్పని ఎరికై ఊకున్నవు గదరా. నన్ను చిన్న పోరిని జేసినవ్. మల్లీశూ, గా దుకాణం పిలగాన్ని అడుగు, నీళ్లు అడగని బ్యాటరీ ఏమన్న ఉన్నదా?"

గోపీకృష్ణే ఫోన్ వైపు వంగి చెప్పాడు. "ఉన్నదవ్వా. కని అది నిండేదాంక గంటన్నర ఆగాలె."

"ఆగుతం. గదే తే బిడ్డా. నా చెయ్యి తగలనిదే తే. ముల్లు నేను సూస్త."

ఇక గ్యారంటీ మాట ఎవరూ ఎత్తలేదు. పాతవి మార్పిడి కింద ఉంచుకుంటానని, మిగతాది నెలనెలా కట్టమని అన్నాడు గోపీకృష్ణ. అన్నంతసేపూ చేతులు పని చేస్తూనే ఉన్నాయి. పెట్టెను దించి, జనరేటర్ తాడు లాగి, తీగలు తగిలించాడు. పెట్టె మీద చిన్న అద్దంలో ఇరవై ఆరు అని అంకె వెలిగింది.

ఆ అంకె ముందు మల్లీశ్వరి నేల మీదే చతికిలబడింది. ఇరవై ఆరు ఇరవై ఏడు కావడానికి ఎంతసేపు పట్టిందో! పాలు పొంగాలని చూస్తే పొంగవన్నట్టు, చూసేకొద్దీ అది కదలదు. పది నిమిషాలకోసారి ఇంటికి ఫోన్ చేసింది. బక్కమ్మకు అంకెలు రావు. వేళ్లతో కొలిచి చెప్పేది.

"ఎర్ర గీతకు మూడు వేళ్ల ఎడం ఉన్నది."

పెట్టె మీద నలభై ఒకటి.

"రెండు వేళ్లు. పండుకున్నడు. పిలిస్తే పలుకుతుండు."

యాభై ఎనిమిది. పరమేష్ టీ తెచ్చి చేతిలో పెట్టాడు. ఆమె తాగకుండానే చల్లారిపోయింది. తడివి తీసుకుని ఉంటే ఈపాటికి ఇంట్లో ఉండేదాన్ని కదా అని ఒక మనసు, సాయంత్రానికి మళ్లీ ఇదే చావు కదా అని ఇంకో మనసు. ముసలిదాని మాట విని కొంప ముంచుకుంటున్నానా అని కూడా అనుకుంది. అనుకున్నందుకు తనను తానే తిట్టుకుంది.

"వేలెడు," అంది బక్కమ్మ. "మల్లీశూ, వేలెడు గూడ లేదు. గోళ్లు నల్లగైతున్నయి."

డెబ్బై తొమ్మిది.

"సాలు, పీకు!" అని లేచింది మల్లీశ్వరి.

"ఇంకో ఇరవై నిమిషాలాగితే..."

"పీకమంటే పీకు తమ్మీ!"

పరమేష్ పెట్టెను భుజాన వేసుకున్నాడు. గోపీకృష్ణ పనిముట్ల సంచీ పట్టుకుని ట్రాలీలోకి దూకాడు. షాపు షట్టర్ కూడా దించలేదు. వాన అలాగే పడుతోంది. మల్లీశ్వరి పెట్టె మీద పట్టా కప్పి, దాన్ని రెండు చేతులతో పొదువుకుని కూర్చుంది.

ఊరికి రెండు కిలోమీటర్లనగా రోడ్డు నిండా గొర్రెలు. మూడు మందలు కలిసి, తడిసి ముద్దై, ఒకదాని వెనక ఒకటి తలలు దూర్చుకుని కదలకుండా నిలబడ్డాయి. పరమేష్ హారన్ కొడితే ఇంకా బిగుసుకున్నాయి. కాపరులెక్కడో చెట్ల కింద ఉన్నారు. మల్లీశ్వరి దూకింది. మోకాళ్ల లోతు గొర్రెల్లోకి దిగి, ముందు నడిచే పొట్టేలు కొమ్ములు దొరకబుచ్చుకుని, శాపనార్థాలు పెడుతూ, ఏడుస్తూ దాన్ని రోడ్డు పక్కకు ఈడ్చింది. పొట్టేలు పోతే మంద పోతుంది. నాలుగు నిమిషాల్లో దారి వచ్చింది. ఆ నాలుగు నిమిషాల్లో ఆమె చచ్చి బతికింది.

ఇంట్లో అడుగుపెట్టేసరికి బుసబుస వినిపించడం లేదు. ముల్లు అడుగున పడుకుని ఉంది. దామోదర్ దిండ్లకు ఆనుకుని, నోరు తెరుచుకుని, భుజాలతో గాలి లాగుతున్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి, ఎవరినీ చూడడం లేదు. బక్కమ్మ ఒక చేత్తో ఖాళీ సిలిండర్‌ను, ఇంకో చేత్తో కొడుకు పాదాన్ని పట్టుకుని కింద కూర్చుంది.

"ఏమయ్యా, వొచ్చిన, నేనొచ్చిన. ఇగ జర ఓర్సుకో," అంటూ మల్లీశ్వరి అతని వీపు నిమరసాగింది. గోపీకృష్ణ వరండాలో తీగలు బిగించాడు, ఇన్వర్టర్‌లో కొత్త బ్యాటరీకి తగ్గట్టు మార్పులు చేశాడు. అతని వేళ్లు తడికి జారుతుంటే పరమేష్ తన చొక్కాతో తుడిచాడు. స్విచ్ వేశారు. మిషన్ ఒకసారి కుయ్యిమంది, దగ్గినట్టు ఊగింది, తర్వాత ఎప్పటిలాగే గుర్రుమని తిరగడం మొదలుపెట్టింది.

వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే చిన్న మీటరులో డెబ్బై ఒకటి. చాలాసేపు డెబ్బై ఒకటే. తర్వాత డెబ్బై ఆరు, ఎనభై మూడు. పెదవుల నలుపు కొంచెం కొంచెంగా తగ్గింది. ఎనభై తొమ్మిది దగ్గర దామోదర్ మల్లీశ్వరిని గుర్తుపట్టి చూశాడు. ఆమె అతని చెంప మీద చిన్నగా ఒకటి వేసి, అదే చెంపను గుండెలకు అదుముకుంది. పరమేష్, గోపీకృష్ణ వరండాలోకి తప్పుకున్నారు.

బక్కమ్మ పాక్కుంటూ గడప దగ్గరికి వెళ్లింది. గోడకు బిగించిన కొత్త పెట్టెను దూరం నుంచే చూసింది. దగ్గరికి పోలేదు. చేతులు రెండూ ఒళ్లో కట్టుకుని కూర్చుంది. మల్లీశ్వరికి ఆ చేతులను చూడబుద్ధి కాలేదు. పొద్దున అన్న మాటను వెనక్కి తీసుకోవాలనుంది. ఎలా తీసుకోవాలో తెలియలేదు.

"పిలగా," అని పిలిచింది బక్కమ్మ. "గిదెన్నేండ్లు వొస్తది?"

"పదేండ్లవ్వా," అన్నాడు గోపీకృష్ణ పనిముట్లు సర్దుకుంటూ. "పదేండ్ల దాంక దాని దిక్కు సూసే పనే లేదు."

"పదేండ్లా!" ముసలమ్మ ముఖం విప్పారింది. వేళ్ల కణుపులు ఎంచుకుంది, మళ్లీ మొదటి నుంచి ఎంచుకుంది. "అప్పటి దాంక నేనెందుకుంట! అయితే నేనే ముందు వోత. నా కొడుకు నా ఎనుక ఉంటడు. గంతే గదనే, మల్లీశూ?"

మల్లీశ్వరి మొగుడి వైపు చూసింది. దామోదర్ ఆమె వైపే చూస్తున్నాడు. మిషన్ తిరుగుతోంది.

"గంతే అత్తమ్మా," అంది మల్లీశ్వరి. "పదేండ్ల దాంక ఏం ఫికర్ లేదు."

దామోదర్ ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు.